గాలి తినే పొయ్యి

మేస్త్రి నాలుగంగుళాల ఇనప గొట్టం చుట్టూ దారం చుట్టాడు. ఆ దారాన్ని మూడుసార్లు మడిచి, విప్పి, మడత పడిన చోటల్లా గొట్టం మీద సుద్దముక్కతో చుక్క పెడుతున్నాడు. చుట్టూ ఎనిమిది చుక్కలు. పైనుంచి కిందికి అలాంటి వరసలు ఆరు. మీరు పక్కనే పీట వాల్చుకుని కూర్చున్నారు. చుక్క మీద సెంటర్ పంచ్ నిలబెట్టి సుత్తితో ఒక్కటిస్తాడు, టంగుమంటుంది, పక్క చుక్కకి జరుగుతాడు. పద్నాలుగంగుళాల ముక్క మీద నలభై ఎనిమిది టంగులు.

"ఇన్ని కన్నాలెందుకు మావా? నూనె కారిపోదా?"

అడిగింది ఇంటి కుర్రాడు. ఈ పెరట్లో గుడారాలేసి టూరిస్టులకి అద్దెకిస్తున్నది అతనే.

"నూనె కిందుంటాదల్లుడూ. ఈ కన్నాలు గాలికి."

ఉదయం పది దాటింది. మంచు ఇప్పుడిప్పుడే విడుతోంది. పెరటి వెనక సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని చుట్టుకుని పాకిన మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు ఒక్కొక్కటిగా బయటపడుతున్నాయి. ఇది లంబసింగి. నర్సీపట్నం నుంచి ఘాట్ ఎక్కి చింతపల్లి వెళ్లే దారిలో, సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. చింతపల్లి వ్యవసాయ పరిశోధన కేంద్రంలో నమోదయ్యే కనిష్ఠ ఉష్ణోగ్రత ఒంటి అంకెకి దిగిందని పేపర్లో పడితే చాలు, ఆ శనివారం రాత్రి విశాఖ కార్లన్నీ ఇక్కడే ఉంటాయి. వచ్చినవాళ్లు ముందడిగేది చలిమంట. గుడారానికో మోపు కట్టెలు. అవీ రాత్రి మంచులో తడిసినవే. వెలిగేదాకా పొగ, వెలిగాక ముందువైపు మాడి వెనకవైపు వణుకు. వేడిలో ముప్పాతిక భాగం ఆకాశానికే పోతుంది. కుర్రాడి బాధ వేరే. కట్టెలు కొనే డబ్బు పెరుగుతోంది, కొండ మీద చెట్టు తరుగుతోంది, అటవీశాఖవాళ్లతో మాట పడాల్సి వస్తోంది. అందుకే నూనెతో మండే పొయ్యి కావాలన్నాడు. ఆరుబయట నిలబెట్టేది, చుట్టూ పదిమంది కుర్చీలేసుకుని కూర్చోగలిగేది.

నమూనా ఫోన్‌లో దొరికింది. రష్యా గ్యారేజీల్లో చలికాలమంతా మండే పొయ్యి ఇది. పైనొక డబ్బా, కిందొక డబ్బా, రెంటినీ కలుపుతూ కన్నాల గొట్టం. వీడియోలో మనిషి మాట్లాడింది ఒక్క ముక్క అర్థం కాలేదు. గీసిన బొమ్మ మీద అంకెలున్నాయి, మేస్త్రికి అవి చాలు. ఆయనకి రష్యావాళ్ల బొమ్మలు కొత్త కాదులెండి. సోవియట్ సహకారంతో కట్టిన విశాఖ ఉక్కు కర్మాగారంలో, మొదటి బ్లాస్ట్ ఫర్నేసు 'గోదావరి' 1990లో వెలిగే ముందు, మీసాలు రాని వయసులో హెల్పరుగా రాడ్లందించాడు.

"అక్కడా ఇదే కత," అంటాడు డ్రిల్లు మిషన్ చేతికి తీసుకుంటూ. "కోకు పోసేసినంత మాత్రాన మండుతాదేటి? గాలి కొట్టాల. ఫర్నేసు అంత ఎత్తున్నా అసలు పనంతా కింద గాలి కొట్టే గొట్టాల కాడే ఉంటాది."

తొమ్మిది మిల్లీమీటర్ల బిట్టు. ముందు చిన్న బిట్టుతో దారి చేసి, తర్వాత పెద్దది. ప్రతి కన్నానికీ గొట్టం గింగిరాలు తిరగబోతుంది. అందుకే కుర్రాడు దాన్ని రెండు దుంగల మధ్య ఇరికించి మోకాలితో అదిమి పట్టాడు. బిట్టు లోపలికి దిగుతున్నంతసేపు సన్నటి ఇనప చుట్ట మెలికలు తిరుగుతూ పైకొస్తుంది. వేలితో తియ్యబోకండి, కోసేస్తుంది. బిట్టు వేడెక్కి కీచుమన్నప్పుడల్లా మేస్త్రి ఆగి, దాని మీద నాలుగు చుక్కలు నూనె వేస్తాడు. ఈ పనికి మధ్యాహ్నం దాకా పట్టింది. కన్నం లోపలివైపు మిగిలిన గరుకు అంచుల్ని గుండ్రటి ఆకురాయితో రాకి నున్నగా చేస్తుంటే కుర్రాడు విసుక్కున్నాడు, లోపల ఎవరు చూస్తారని. గాలి చూస్తాదన్నాడు మేస్త్రి.

మిగతా సామానంతా గాజువాక ఆటోనగర్ స్క్రాపు కొట్ల నుంచి వచ్చింది. పద్నాలుగంగుళాల పెద్ద పైపు నుంచి నాలుగున్నర అంగుళాల ఎత్తున రెండు రింగులు, అయిదారు మిల్లీమీటర్ల మందం పలకల్ని అక్కడే గ్యాస్ కట్టరుతో గుండ్రంగా కోయించిన బిళ్లలు, పొగగొట్టానికి నాలుగంగుళాల గొట్టం. పొగగొట్టం కాకుండానే నలభై కిలోల దాకా తూగింది. తెచ్చిన పైపుల్లో ఒకటి మెరుస్తోంది. మేస్త్రి దాన్ని గోటితో గీకి చూసి పక్కకి విసిరేశాడు. జీఐ పైపు. దాని మీది జింకు పూత వెల్డింగ్ వేడికి తెల్లటి పొగై లేస్తుంది. అది పీల్చినవాడికి సాయంత్రానికల్లా చలిజ్వరం. కుర్రతనంలో ఆయనకి ఆ జ్వరం వచ్చింది. పాలు తాగితే పోతుందని మేస్త్రీలు చెప్పారు, తాగాడు, పోలేదు. మర్నాటికి దానంతటదే దిగింది.

కుర్రాడు ముందు పాత గ్యాస్ బండ కోసేద్దామన్నాడు. ఫోన్‌లో అందరూ అదే చేస్తున్నారట. ఇక్కడ కుదరదు. ఇంట్లో ఉన్న ఎర్ర బండ కంపెనీ సొత్తు, మనం డిపాజిట్ కట్టి వాడుకుంటున్నది. ఆ సంగతి పక్కన పెట్టినా, ఖాళీ అనుకున్న బండలో మిగిలిన గ్యాసుకి గ్రైండరు నిప్పురవ్వ ఒక్కటి చాలు. నూనె డ్రమ్ములదీ అదే తంతు. మూత బిగించి ఉన్న పాత డ్రమ్ము లోపల ఏముందో పైకి కనపడదు, ఆవిరి మాత్రం ఉంటుంది. రెండువైపులా నోరు తెరుచుకుని ఉన్న పైపుతో ఆ భయం లేదు.

భోజనాలయ్యాయి. ఇప్పుడు వెల్డింగ్.

కట్టెలపొయ్యి పక్కన పెట్టిన వెల్డింగ్ రాడ్ల కట్ట తెమ్మన్నాడు మేస్త్రి. నిన్న రాత్రి నుంచీ అక్కడే వెచ్చగా ఉంది. ఈ ఊరి మంచుకి రాడ్డు మీది పూత చెమ్మ పీల్చుకుంటుంది. అలాంటి రాడ్డు చిటపటలాడుతుంది తప్ప నిలకడగా కాలదు, అతుకులో బుడగలు మిగులుతాయి. నూనె పోసే పాత్రకి ఒక్క బుడగ చాలు. మిషన్ చిన్నది, భుజానికి తగిలించుకునే ఇన్వర్టరు మిషన్. పాత రాగిచుట్టల మిషనైతే ఇంటి సింగిల్ ఫేజు కరెంటు తట్టుకునేది కాదు. దీనికీ, ఆర్క్ పడిన ప్రతిసారీ వంటింట్లో బల్బు గుడ్డిదవుతోంది. కుర్రాడి తల్లి లోపల్నుంచి ఏదో అంటోంది.

మీకూ ఒక నల్లద్దం ఇచ్చారు. అద్దం లేకుండా ఒక్క క్షణం చూసినా ఇప్పుడేమీ తెలియదు, అర్ధరాత్రి కళ్లలో ఇసుక పోసినట్టుంటుంది. గోడెక్కి కూర్చున్న పిల్లల్ని మేస్త్రి ముందే తరిమేశాడు. వాళ్లు చెట్టెక్కారు. అక్కడి నుంచీ తరిమేశాడు.

అద్దం దించుకోగానే లోకం మాయమవుతుంది. చీకట్లో ఒక ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది. దాని చుట్టూ కరిగిన ఇనుము చిన్న మడుగై కదులుతుంది. మేస్త్రి ముందు పూర్తిగా అతకడు. రింగు మీద బిళ్ల పెట్టి తూర్పున ఒక టాకు, పడమర ఒక టాకు, ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి. ఒకే వైపునుంచి మొదలుపెట్టి చుట్టేస్తే వేడికి పలక వంకర తిరిగి ఎదుటి వైపు నోరు తెరుస్తుంది. టాకులయ్యాక రెండేసి అంగుళాలు అతికి, ఎదుటివైపుకి వెళ్లి మళ్లీ రెండంగుళాలు. నూట అయిదు ఆంపియర్ల మీద పెట్టాడు మిషన్ని, మూడుంపావు రాడ్డుకి. ఎంత పెట్టాలో మీటరు చూసి కాదు, చప్పుడు విని సరిచేసుకున్నాడు. నూనెలో అప్పడం వేగుతున్న చప్పుడు సన్నగా, ఎడతెగకుండా రావాలి. అది తెగి తెగి వస్తే కరెంటు తక్కువ. పెటపెటమని చిమ్మితే ఎక్కువ.

రాడ్డు అయిపోగానే అద్దం ఎత్తుతాడు. అతుకు మీద బూడిదరంగు పెచ్చు. చిప్పింగు సుత్తితో ఏటవాలుగా కొడితే పెచ్చు ఊడి, కింద ఇనుము వరస వరసగా మెరుస్తూ బయటపడుతుంది. ఆ వరసల వెడల్పు మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉంది. వెల్డింగు తెలిసినవాళ్లు మనిషి పేరడగరు, ఈ వరస చూసి ఎవరి చెయ్యో చెప్పేస్తారు.

కింది డబ్బాకి అడుగు అతికాడు, మూత మాత్రం అతకలేదు. మూత అంచు చుట్టూ ఒక పట్టీ దింపి, డబ్బా మీద బిగుతుగా కూర్చునేలా చేశాడు. వారానికోసారి తెరిచి అడుగున మాడినదంతా గీకాలి కదా. మూతలో రెండు కన్నాలు. ఒకదాని మీద ఇందాకటి గొట్టం నిలబెట్టి అతికాడు. రెండోది గాలికీ, నూనె పోయడానికీ. దాని మీద ఒక రేకు, ఒకే బోల్టు చుట్టూ పక్కకి జరిగేలా. ఈ పొయ్యి మొత్తానికి స్విచ్చనేది ఉంటే అది ఆ రేకే. పైడబ్బా రెండువైపులా మూసిందే. గొట్టం దానిలోకి ఒక పక్కనుంచి వస్తుంది, పొగగొట్టం ఎదుటి పక్కనుంచి పోతుంది, మధ్యలో అడ్డంగా ఒక పలక. మంట నేరుగా పొగగొట్టంలోకి పారిపోకుండా అడ్డం చుట్టి వెళ్లాలి. ఆ చుట్టు తిరిగేటప్పుడే పైపలకకి వేడి అప్పజెబుతుంది.

సాయంత్రం నాలుగింటికి కింది డబ్బా బయటంతా సున్నం పూశాడు. ఆరాక లోపల అర లీటరు డీజిల్ పోసి, అతుకులన్నీ తడిసేలా అటూ ఇటూ వంచి, నేల మీద పెట్టి బీడీ వెలిగించుకోవడానికి దూరంగా వెళ్లాడు. కంటికి కనపడని సందులోంచి కూడా డీజిల్ దూరుతుంది. దూరితే తెల్లటి సున్నం మీద నల్లటి మరక పడుతుంది. అరగంట ఆగి చూస్తే ఒకచోట గింజంత మరక. టాకు మొదలైన చోటు. మేస్త్రి ఏమీ అనలేదు. డీజిల్ ఒంపేసి, సబ్బునీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, ఆ చోటు గ్రైండరుతో గీరి మళ్లీ అతికాడు. మళ్లీ సున్నం, మళ్లీ డీజిల్. ఈసారి తెల్లగానే ఉంది.

నూనె దగ్గర గొడవొచ్చింది.

మేస్త్రి ఆలోచన ట్రాక్టరు షెడ్డులోని నల్ల ఇంజనాయిలు. చవక, బాగా మండుతుంది, రష్యావాళ్లు పోసేదీ అదే. కానీ ఇంజను అరిగిన లోహాల పొడి అందులో ఉంటుంది. ఆయిల్లో కలిపే మందుల తాలూకు జింకు, భాస్వరం ఉంటాయి. మంట ఎంత శుభ్రంగా ఉన్నా అవి కాలిపోయేవి కావు, సన్నటి బూడిదై గాలిలోకి లేచి ఎక్కడో దిగుతాయి. ఇక్కడ దిగేది పక్కచేను స్ట్రాబెర్రీ మడుల మీద. పైగా వాడేసిన ఇంజనాయిలు ప్రమాదకర వ్యర్థాల జాబితాలో ఉంది. 2016 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం అది అనుమతి ఉన్న రీసైక్లింగ్ కేంద్రాలకి పోవాల్సిన సరుకు. మేస్త్రి ఒప్పుకోడానికి కాసేపు పట్టింది. నన్నడిగితే చుట్టూ మనుషులు కూర్చునే పొయ్యిలో ఆ నూనె పోయడమనే ఆలోచనే తప్పు.

రోడ్డు మీద వరసగా బజ్జీల బళ్లున్నాయి. రోజంతా కాగి నల్లబడిన నూనె ఎక్కడో ఒకచోట పారబోయాల్సిందే. పాడైన నూనెలో పోలార్ కాంపౌండ్లనేవి పెరుగుతాయి. అవి 25 శాతం దాటితే వంటకి వాడకూడదని ఆహార భద్రతా సంస్థ 2018 నుంచి కట్టడి చేసింది. పట్నంలో పెద్ద హోటళ్ల నూనె బయోడీజిల్ కంపెనీలకి పోతుంది. ఈ ఘాట్ రోడ్డు పైకి రెండు డబ్బాల కోసం ఎవరొస్తారు? మలుపులో మిరపకాయ బజ్జీలేసే పిన్ని రెండు డబ్బాలిచ్చి, పట్టుకుపోండి, పీడా పోతుందంది. డబ్బులు తీసుకోలేదు.

పాత పంచె నాలుగు మడతలేసి వడగడితే మాడిన శనగపిండి, వాము గింజలు, ఒక మిరపతొడిమ పంచె మీద మిగిలాయి. వడగట్టింది కదలకుండా పెట్టారు. నీళ్లుంటే అడుగుకి చేరతాయి, పైనూనె మాత్రమే తీసుకోవాలి. నీటి సంగతి ఇక్కడ తమాషా కాదు. ఒక చెంచాడు నీరు మరిగే నూనె అడుగున చిక్కితే, ఆవిరిగా మారేసరికి దాదాపు పదిహేడు వందల రెట్లు పెరుగుతుంది. పైనున్న నూనెనంతా ఎగజిమ్ముతుంది, ఆ నూనె గాల్లోనే అంటుకుంటుంది. అందుకని మేస్త్రి ఇనప గరిటె ఎర్రగా కాల్చి దాని మీద రెండు చుక్కలు వేసి చెవొగ్గాడు. చప్పుడు లేదు. బాగుందన్నాడు.

చీకటి పడేలోగా పొయ్యిని పెరటి మధ్యలో, గుడారాలకి దూరంగా, రాళ్లు పరిచిన చోట నిలబెట్టారు. పొగగొట్టం పదమూడడుగులు. మూడువైపులా తీగలతో లాగి కట్టారు. పైన చిన్న టోపీ. అంత పొడవెందుకని మీరు అడిగితే మేస్త్రి చేత్తో పైకి చూపిస్తాడు. ఫ్యాను లేదు, మోటారు లేదు. గొట్టంలో ఉన్న మూడు వందల డిగ్రీల గాలి బయటి చలిగాలిలో సగం బరువే ఉంటుంది. తేలిక కాబట్టి పైకి పోతుంది, పోయినంత ఖాళీని కిందనుంచి కొత్త గాలి నింపుతుంది. గొట్టం ఎంత పొడవైతే ఆ లాగుడు అంత. బయట ఎంత చలైతే అంత.

కొలత వేసి చూడండి. లీటరు నూనె పూర్తిగా కాలాలంటే తక్కువలో తక్కువ పది వేల లీటర్ల గాలి కావాలి. ఈ పెరట్లో అందరూ డబ్బాలో నూనె వైపే చూస్తున్నారు గానీ, పొయ్యి మేసేదంతా గాలే.

పక్కింటి సుబేదారు గారు మఫ్లరు చుట్టుకుని వచ్చి పొయ్యి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు. సియాచిన్‌లో పనిచేసి వచ్చిన మనిషి. అక్కడ గుడారాల్లో కిరసనాయిలు బుఖారీలుంటాయి, ట్యాంకులోంచి బొట్టు బొట్టుగా పడి మండేవి.

"పొద్దున లేచి ఉమ్మితే నల్లగా వచ్చేది బాబూ. అందరికీ అంతే. మసి లోపలికి పోయేది. బుఖారీ ఉన్న గుడారంలో అందరూ ఒకేసారి పడుకోకూడదు, ఒకడు మేలుకోవాలి. అది వదిలే విషపు గ్యాసుకి వాసనుండదు కదా."

బుఖారీల బదులు డీఆర్‌డీఓ 'హిమ్ తాపక్' అనే కొత్త హీటరు తయారుచేసిందని, తన కాలంలో అది రాలేదని చెప్పారు. తర్వాత కుర్రాడి భుజం మీద చెయ్యేసి, "వానొచ్చిందనీ చలేస్తోందనీ దీన్ని గుడారంలోకి గానీ షెడ్డులోకి గానీ ఈడ్చారో, పొద్దునకి లేచేవాళ్లుండరు. రాసి పెట్టు ఇక్కడ" అన్నారు. కుర్రాడు నవ్వబోయి ఆగాడు. మర్నాడు పైడబ్బా పక్కన ఒక రేకు మీద ఆ మాటే రాయించాడు.

తెల్లవారుజాము నాలుగున్నర.

గుడారం జిప్పు తీసుకుని బయటికొస్తే ముఖానికి మంచు తగులుతుంది. పదడుగుల అవతలేమీ కనపడదు. టార్చి వెలుతురులో మంచు తెరలు తెరలుగా కదులుతోంది. చేతులు చంకల్లో దోపుకుని పొయ్యి దగ్గరికెళ్తారు. కుర్రాడు నూనె డబ్బా వంచి బిత్తరపోయి నిలబడ్డాడు. చుక్క పడదు. రాత్రి నూనెగా ఉన్నది తెల్లారేసరికి నెయ్యిలా పేరుకుపోయింది. పామాయిల్ మరి, ఈ చలికి గడ్డకట్టకేం చేస్తుంది. డబ్బాకి మూత గట్టిగా బిగించి వేణ్నీళ్ల గంగాళంలో దించారు. కరిగేదాకా అందరూ కట్టెలపొయ్యి దగ్గరే వేళ్లు కాచుకుంటూ టీ తాగారు. సుబేదారు గారు మాత్రం ఒక్కరే నవ్వుకున్నారు.

మేస్త్రి కింది డబ్బాలో రెండు వేళ్ల ఎత్తున నూనె పోశాడు. ఈ డబ్బాలో ఒక సెంటీమీటరు లోతుకి దాదాపు లీటరు పడుతుంది. నిండా పోస్తే నూనె మొత్తం ఒక్కసారే కాగి చేతికందకుండా పోతుంది. మండుతుండగా పైనుంచి పోయడం అసలే కూడదు. అయిపోవాలి, చల్లారాలి, అప్పుడే పోయాలి. నూనె మీద గిద్దెడు డీజిల్. పెట్రోలు కాదు, ఎప్పటికీ కాదు. డీజిల్‌లో ముంచిన గుడ్డపేలిక కర్రకి చుట్టి, వెలిగించి, రేకు సందులోంచి లోపలికి దించాడు.

మొదట ఏమీ లేదు. కాసేపటికి సందులోంచి పసుపుపచ్చని వెలుతురు, బద్ధకంగా. పొగగొట్టం చివరనుంచి నల్లటి పొగ. మంచులోకి అది ఇంకా నల్లగా కలుస్తోంది. కళ్లు మండాయి. సగం కాలిన వంటనూనె పొగలో అక్రోలిన్ ఉంటుంది, కాగే మూకుట్లో నూనె మాడినప్పుడు ముక్కు పుటాలు కోసేసేది అదే. కుర్రాడి తల్లి తలుపు మూసేసుకుంది. ఒక గుడారంలోంచి దగ్గు వినపడింది. ఇంత చేసి ఇదా అన్నట్టు కుర్రాడు మేస్త్రి వైపు చూశాడు.

"పొగంటే ఏటనుకున్నావు? కాలకుండా పారిపోతున్న నూనె. ఇంకా ఇనుము వేడెక్కలేదు. ఆగు."

అయిదు నిమిషాలు. పది. డబ్బా మూత మీద మంచుబిందువులు ఆరిపోయాయి. కన్నాల గొట్టంలో అడుగు వరసనుంచి చిన్న చిన్న నాలుకలు లోపలికి తిరిగి కనపడుతున్నాయి. మీరు కొంచెం వంగి చూస్తే తెలుస్తుంది. మంట కన్నంలోంచి బయటికి రావడం లేదు, బయటి గాలే కన్నంలోంచి లోపలికి దూకి, అక్కడ నూనె ఆవిరిని అంటిస్తోంది. ఒక్కో కన్నం దగ్గర ఒక్కో మంట. మొదటి వరస పట్టింది. రెండోది. గొట్టంలోంచి ఒక గుర్రు మొదలైంది, సన్నగా మొదలై, వినగా వినగా బలిసి, కడుపులో తెలిసే చప్పుడైంది.

మేస్త్రి మోచేతి దాకా తోలు గ్లౌజు తొడుక్కుని రేకు పక్కకి జరిపాడు, వెంట్రుకవాసి. గుర్రు పెరిగింది. ఇంకొంచెం జరిపాడు. మంట ఎగిరిపడి పొగ మళ్లీ నల్లబడింది. గాలి ఎక్కువిచ్చాడు కదా, పొగ తగ్గాలి గదా అని మీకు అనుమానం. రేకు దగ్గరి గాలి కింది డబ్బాలోకి పోయేది. అక్కడ గాలి పెరిగితే నూనె ఎక్కువ కాగుతుంది, ఆవిరి ఎక్కువ లేస్తుంది, ఆ ఆవిరంతా కాలడానికి నలభై ఎనిమిది కన్నాల గాలి చాలదు. అందుకే కింద గాలి పిసినారిగా, పైన ధారాళంగా. మేస్త్రి రేకుని వెనక్కి లాగాడు, ముందుకి తోశాడు, మళ్లీ సగం వెనక్కి. తలెత్తి పొగగొట్టం కొస చూశాడు. మీరూ చూడండి. టార్చి వేసి చూస్తే కొస మీద గాలి వణకడం తప్ప ఏమీ లేదు. పొగ లేదు. కళ్ల మంటా పోయింది.

గొట్టం మధ్యభాగం మసక ఎరుపుకి తిరిగింది. ఇనుము ఆరేడు వందల డిగ్రీలు చేరితే వచ్చే రంగు. ఆ ఎరుపు చుట్టూ మంచు తెర చిరిగి, రెండు బారల మేర ఖాళీ ఏర్పడింది. కుర్చీలు దగ్గరికి లాగుతున్నారు జనం, మళ్లీ వెనక్కి లాగుతున్నారు. చలిమంట దగ్గర తిరిగినట్టు వీపు కాచుకోడానికి తిరగక్కర్లేదని ఒకావిడ గమనించి పైకి అంది. అది కొంచెం అతిశయోక్తే. ఎర్రటి ఇనుము నుంచి వచ్చే వేడి ముఖానికే తగులుతుంది, వీపు సంగతి వీపుదే.

వేడి లెక్కలో లీటరు నూనె తొమ్మిది యూనిట్ల కరెంటుతో సమానం, రెండు రెండున్నర కిలోల ఎండుకట్టెతోనూ సమానం. అంతే కదా అనిపిస్తుంది. ఈ కొండమీద జనవరిలో ఎండుకట్టె దొరికితే ఆ మాట నిజమే.

ఘాట్ వైపునుంచి ఒక్క ఈదర గాలి విసిరింది. గుర్రు తడబడింది, రెండు కన్నాల్లోంచి మంట బయటికి నాలుక చాపింది, నల్లటి పొగ ఒక్క ముద్ద పైకి పోయింది. ఆ మరుక్షణం మళ్లీ సర్దుకుంది. గ్యారేజీలో పుట్టిన పొయ్యిని ఆరుబయట పెట్టాం, గ్యారేజీలో గాలి విసరదు. మేస్త్రి జేబులోంచి సుద్దముక్క తీసి, గొట్టానికి జానెడు దూరంలో నేల మీద ఒక గుండ్రటి గీత గీశాడు. అంత వెడల్పున రేకు చుట్టు నిలబెట్టాలట, కింద నాలుగంగుళాలు ఖాళీ వదిలి. గాలి రావాలి గానీ కొట్టకూడదు.

ఎవరో కుర్రాడు, టూరిస్టు, మంట ఎగిరినప్పుడు భయపడి నీళ్ల సీసా మూత తీశాడు. సుబేదారు గారు లేచిన వేగం చూస్తే ఆయన వయసు నమ్మలేం. సీసా లాక్కుని, పక్కనున్న ఇసుక బకెట్టు చూపించారు. "నూనె మంట మీద నీళ్లా? ఆర్పాలంటే ఇదుగో." ఆయనే గ్లౌజు తొడుక్కుని రేకు పూర్తిగా మూసి చూపించారు. కింద గాలి అందని నూనె మెల్లగా నెమ్మదించింది, గుర్రు దిగింది, ఎరుపు నల్లబడసాగింది. వెంటనే ఆరలేదు. వేడెక్కిన నూనె తన ఆవిరి తాను వదులుతూ ఇంకో పావుగంట సన్నగా మండింది. ఆ పావుగంటా ఎవరో ఒకరు అక్కడే ఉండాలన్నది పొయ్యి అమ్మేవాడెవడూ చెప్పడు.

వెలుగొచ్చాక మూత తీసి చూశారు. డబ్బా అడుగున నల్లటి పొర, వార్నిష్‌లా గట్టిగా అంటుకుని. వంటనూనెతో ఇదొకటుంది. ఇంజనాయిలు కన్నా మెత్తగా కాలుతుంది గానీ జిగురు మిగుల్చుతుంది. మేస్త్రి పాత ఉలితో ఒక మూల గీకి చూశాడు. వస్తోంది, బద్ధకంగా. వచ్చేసారి డబ్బాలో వేరే మూకుడొకటి పెట్టి అందులో నూనె పోద్దాం, గీకాలంటే దాన్నే బయటికి తీసుకోవచ్చు అన్నాడు. కుర్రాడు రెండో పొయ్యి ధర అడిగాడు. ఇనుముకి అయినంత, చేతికి ఇచ్చినంత అన్నాడు మేస్త్రి. అంటే బేరం ఇంకా ఉందన్నమాట.

ఏడింటికి బండి తోసుకుంటూ బజ్జీల పిన్ని వచ్చింది. పెరటి గేటు దగ్గర ఆగి, నల్లబడ్డ డబ్బానీ, చుట్టూ వేసి ఉన్న పది పన్నెండు కుర్చీలనీ, ఫోన్లలో ఇందాకటి ఎర్రగొట్టం ఫొటోలు ఒకరికొకరు చూపించుకుంటున్న జనాన్నీ కాసేపు చూసింది.

"రాత్రంతా నా నూనేనా ఇది?"

"అవును పిన్నీ. పొగ కూడా లేదు, సూడలేదుగానీ!"

"సూడక్కర్లేదులే. రేపట్నుంచీ లీటరు ముప్పై."

"నిన్న ఊరికే ఇచ్చావు కదా?"

"నిన్న పారబోసేదాన్ని కదా," అంటూ బండి మలుపు వైపు తోసుకుపోయింది.